అత్తయ్య చేతిలో దండు

కోడలి గది. సాయంత్రం నాలుగు కావడానికి పది నిమిషాలుంది. కంప్యూటరు తెర మీద అంతరిక్ష యుద్ధం ఆట. ఫోను స్పీకరులో కోడలి స్నేహితురాలు.

"ఆ కట్టు విప్పి అవతల పారెయ్యవే! పది నిమిషాల్లో ఫైనల్. చెయ్యి బాగానే ఉందిగా!"

"మెల్లగా మాట్లాడవే తాబేలూ, స్పీకర్లో ఉన్నావ్. బాగానే ఉందని నీకు తెలుసు, నాకు తెలుసు. మా అత్తయ్యకి తెలీదు."

"వారం నుంచి రెస్టు అని తలుపేసుకుని ఆడావుగా. ఇవాళా వేసుకో."

"ఆవిడ గదిలో ఫ్యాను ఆగిపోయింది. బఠాణీల బుట్ట పట్టుకుని ఇటే వస్తున్నారు. చెయ్యి బెణికిందని చెప్పి వారం రోజులు గరిటె ముట్టలేదు, చీపురు ముట్టలేదు. ఇప్పుడిదే చేత్తో టకటకా మౌసు కొడుతుంటే చూశారంటే ఇంకేమైనా ఉందా?"

"అయితే హాయిగా ఓడిపో. రెండేళ్ళు పడీ లేచీ ఇంతదాకా వచ్చావు. గెలిస్తే మొదటి లీగు, ఓడితే మళ్ళీ అట్టడుగు. అవతల ఆడేది ఎవరనుకున్నావ్, ఆటలో గురక అని పేరు పెట్టుకున్నవాడు. నాలుగుసార్లు నిన్ను చితక్కొట్టిన గురక."

"నీ నోట ఒక్క మంచి మాట రాదా? పోనీ నా బదులు నువ్వాడు."

"నీ పేరు మీద నేనాడితే ఇద్దర్నీ గెంటేస్తారు. నువ్వు పక్కన కూర్చుని చెప్తుంటే ఇంకొకళ్ళు మౌసు కదపొచ్చు, అంతవరకే రూలు."

"పక్కనా? ఇక్కడెవరున్నారే, మా..."

"ఎవరితోనమ్మాయ్ మాటలు? కాస్త జరుగు, ఫ్యాను కింద కూర్చుంటా. చెయ్యెలా ఉంది?"

"లాగేస్తోంది అత్తయ్యా. ఇదిగో, మణికట్టు దగ్గర."

"నిన్న మోచెయ్యన్నావు."

"తిరుగుతోందత్తయ్యా నొప్పి."

"తిరుగుతుంది, తిరుగుతుంది. కాసేపు పడుకో."

"అత్తయ్యా, ఒక్క సాయం చేస్తారా? ఈ మౌసు పట్టుకుని నేను చెప్పినచోట నొక్కాలి. ఇరవై నిమిషాలు, అంతే."

"నేనా? మరి బఠాణీలెవరు ఒలుస్తారు?"

"ఎడం చేత్తో నేనొలుస్తా!"

"వారం రోజుల్లో ఎడం చెయ్యుందని ఇప్పుడా గుర్తొచ్చింది? సరే, ఇలా ఇవ్వు. ఏవిటివి, బొద్దింకలా?"

"ఓడలత్తయ్యా, అంతరిక్షంలో తిరిగే యుద్ధం ఓడలు. మొత్తం రెండొందల పాయింట్లిస్తారు. అందులోనే మనక్కావలసిన ఓడలు ఏరుకుని దండు కట్టుకోవాలి. పెద్దదానికి ఇరవై, నడిమిదానికి పది, చిన్నదానికి రెండు. నావి ఎనిమిది పెద్దవి, ఇరవై చిన్నవి. ఇక మొదలెట్టడమే."

"ఇందులో వండేదెవరు?"

"వంటేంటత్తయ్యా!"

"ఎనిమిదిమంది మహానుభావులు, ఇరవైమంది కుర్రకారు. అందరూ పోట్లాడేవాళ్ళే. వీళ్ళకి పెట్టేవాళ్ళేరి? దెబ్బ తగిలితే చూసేవాళ్ళేరి?"

"దానికి ఫ్యూయల్ ఓడలూ రిపేరు ఓడలూ ఉంటాయి, తలా ఐదు పాయింట్లు. వాటికి తుపాకులుండవు, దండగ."

"దండగా!"

"ఆంటీ, నమస్తే. ఆటలో నా పేరు తాబేలు. దీనికి నాలుగు మ్యాచుల్నుంచి ఇదే మొత్తుకుంటున్నా. ఆ గురక దీన్ని అటూ ఇటూ తిప్పుతాడాంటీ. ఫ్యూయలైపోయి ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అప్పుడు తీరిగ్గా వచ్చి ఒక్కోదాన్నీ కాలుస్తాడు."

"బుద్ధిమంతురాలిలా ఉంది. తాబేలేమిటమ్మా, అమ్మానాన్నలు పెట్టిన పేరు లేదూ?"

"తాబేలూ, నువ్వు నోరు ముయ్యి. అత్తయ్యా, నా లెక్క నాకుంది. ఎనిమిది పెద్దవీ ఒక్కసారి పేలిస్తే వాడి దండు సగం పోతుంది."

"నాలుగుసార్లూ పోయిందా?"

"...లేదు."

"అమ్మాయ్, నేను ముప్ఫయ్యేళ్ళు హాస్టల్లో వంటశాల నడిపాను. మూడొందలమంది తినేవాళ్ళు. ఒక్కరోజు గిన్నెలు తోమేవాళ్ళు రాకపోతే వార్డెనుగారి కోటూబూటూ ఎందుకూ పనికిరాలేదు. ఎక్కడ నొక్కితే పోతాయి ఈ పెద్దవి? ఇక్కడా?"

"అత్తయ్యా ఆగండి, అయ్యయ్యో, ఐదు తీసేశారు!"

"మూడు మిగిలాయిగా, చాలు. ఇంటికో పెద్దమనిషుంటేనే భరించలేకపోతున్నాం. ఎన్ని పాయింట్లొచ్చాయి?"

"వంద."

"తిండి పెట్టేవి ఆరు, కట్లు కట్టేవి ఆరు పెట్టు. మిగిలిన నలభైకీ నడిమివి నాలుగు. అవి ఈ పన్నెండుకీ కాపలా. వాటి మీద ఈగ వాలకూడదు."

"పన్నెండు తుపాకీ లేని ఓడలా! గురక చూసి పడీ పడీ నవ్వుతాడు."

"నవ్వనీ. నవ్వేవాడు కాల్చడుగా."

"వద్దత్తయ్యా, పాతదే పెట్టేయండి. అయ్యో, మొదలైపోయింది! తాబేలూ, మొదలైపోయిందే!"

"చూస్తున్నా. నాకెందుకో ఆంటీ దండే బాగుందనిపిస్తోంది."

"నీకలాగే అనిపిస్తుంది. అత్తయ్యా, చిన్నవాటిని ముందుకి తొయ్యండి. అవి ఎర. పది పోయినా పర్లేదు."

"పర్లేదా? పిల్లల్ని ముందుకి తోసి పెద్దవాళ్ళు వెనక నక్కుతారా? సిగ్గులేదూ! ఏయ్, పెద్దాళ్ళు ముగ్గురూ ముందుకి నడవండి."

"వాటికి వినపడదత్తయ్యా, నొక్కాలి!"

"నొక్కుతూనే చెప్తున్నా. అదిగో, వాడు పారిపోతున్నాడే!"

"పారిపోవట్లేదు, మనల్ని లాగుతున్నాడు. వెంటపడండి! త్వరగా!"

"వాడి వెనక నేనెందుకు పరిగెత్తాలి? ఎండన పడి తిరగనీ, ఆకలేస్తే వాడే వస్తాడు. మనవాళ్ళు ఈలోగా తినేస్తారు. నువ్వు తిన్నావుగా, లే. ఆ మూలవాడింకా తిన్లేదు, ఇటు రా నాయనా."

"యుద్ధం మధ్యలో ఈ వడ్డనలేంటి అత్తయ్యా! నా రెండేళ్ళ కష్టం! తాబేలూ, నవ్వకే, నాకేడుపొస్తుంటే!"

"నవ్వట్లేదే, నిజంగా చూడు. గురక మూడు చుట్లు తిరిగాడు. వాడి ఫ్యూయల్ సగానికొచ్చింది. నీ దండు నిండుకుండలా ఉంది."

"...అవునే. అత్తయ్యా, మనవాటికి ఒక్కదానికీ ఫ్యూయల్ తగ్గలేదు."

"తగ్గితే పరువేం కానూ. వీడి రెక్క విరిగింది, ఎవరమ్మా కట్లు కట్టేది? ఆఁ, నువ్వే, వెళ్ళు."

"ఆంటీ, వస్తున్నాడు! ఉన్నవన్నీ పోగేసుకుని ఒక్కసారిగా మీదకొస్తున్నాడు! కాపలావాటిని దాటి పన్నెండింటి మీదకే వెళ్తున్నాడు!"

"అత్తయ్యా, చిన్నవి ఇరవయ్యీ వెనక్కి తిప్పండి, వెంటనే!"

"తిప్పుతున్నా. ఒకటి... రెండు... ఇదేది, ఇందాక తిప్పానా దీన్ని?"

"ఒక్కొక్కటి కాదు, అన్నిట్నీ కలిపి ఒక్కసారి లాగండి!"

"లాగడానికి ఇదేమన్నా దుప్పటా! ఉండు, మూడు..."

"రెండు పోయాయే! ఇంకో ముప్ఫై సెకన్లు, మొత్తం పోతాయి!"

"నాలుగు... అయ్యో, ఆ కట్లు కట్టేదాన్ని కాల్చేశాడమ్మాయ్! పాపిష్ఠోడు! అదేం చేసింది వాణ్ణి!"

"ఇలా ఇవ్వండి!"

"అమ్మాయ్, నీ చెయ్యి..."

"తర్వాతత్తయ్యా! పది అటు, పది ఇటు, పెద్దవి మూడూ మధ్యలోకి. కాల్చు. కాల్చు! తిరుగు, రిపేరుకెళ్ళు, నువ్వు రా. ఫ్యూయలు, ఫ్యూయలు. ఇంకొక్కటి!"

"వాడాగిపోయాడే! వాడి ఫ్యూయలైపోయింది! కొట్టవే!"

"కొట్టమ్మాయ్! వదలకు!"

"పోయింది! వాడి పెద్దది పోయింది! తాబేలూ, గెలిచానే! మొదటి లీగే! అత్తయ్యా, గెలిచాం!"

"ఆంటీ, మీకు దణ్ణం పెట్టాలాంటీ! ఒసేయ్, చెప్పానా కట్టు విప్పి ఆడమని..."

"తాబేలూ, ఫోను పెట్టెయ్."

"ఇప్పుడేగా గెలిచాం, అప్పుడే..."

"పెట్టెయ్యవే!"

"ఫోను సంగతి సరే, ఆ చెయ్యి సంగతేంటమ్మాయ్?"

"అంటే అత్తయ్యా, ఆవేశంలో నొప్పి తెలీలేదు."

"ఊఁ."

"ఇప్పుడు మళ్ళీ మొదలైంది. అబ్బా, అమ్మా!"

"నువ్వు పట్టుకున్నది ఎడం చెయ్యి."

"...తప్పైపోయిందత్తయ్యా. ఆటకోసం ఒక్క వారం సెలవివ్వండీ అని అడిగితే నవ్వుతారనుకున్నా. అడగడానికి మొహం చెల్లక బెణికిందన్నా. నేను తలుపేసుకుని ఆడుకుంటుంటే వండింది మీరు, తోమింది మీరు, పళ్ళెం గదిలోకి తెచ్చిచ్చింది కూడా మీరే. నాకు సిగ్గుగా ఉంది. తిట్టండి."

"తిడతాలే, తొందరేముంది. ముందిది చెప్పు, మళ్ళీ ఆటెప్పుడు?"

"సోమవారం నుంచి. మొదటి లీగు రోజూ సాయంత్రమే, పదిరోజులు. మీరేం బెంగపెట్టుకోకండి, ఈ పూట నుంచే వంట నాది, గిన్నెలు నావి."

"నాలాంటివాళ్ళు చేరాలంటే?"

"మీరా? చేరొచ్చనుకోండి, అట్టడుగు నుంచి మొదలెట్టాలి. రోజుకి నాలుగ్గంటలైనా సాధన చెయ్యాలి. ఇంటిపని పెట్టుకుని మీకెక్కడ కుదురుతుందత్తయ్యా?"

"మావాడు ఇంటికెన్నింటికొస్తాడు?"

"ఆరింటికి. ఆయనకి చెప్పేస్తారా అత్తయ్యా? చెప్పండి, తప్పు నాదే. ఇదిగో, కట్టు విప్పేస్తున్నా."

"విప్పకు. కత్తెర తెచ్చి దాన్ని మధ్యకి కత్తిరించి సగం నా చేతికి కట్టు. మావాడికి వంటొచ్చు, నేనే నేర్పాను."