తల్లీబిడ్డల బొమ్మ

హాల్లో పార్సిల్ పెట్టె తెరిచి ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన తల్లీబిడ్డల చెక్కబొమ్మను భర్త మళ్లీ అందులో సర్దుతుండగా, భార్య గోడ పట్టుకుని గదిలోంచి వచ్చింది.

"దాచకండి. చూసేశాను."

"నిద్రపోతున్నావనుకున్నాను."

"ఎప్పుడు కొన్నారు?"

"నీకు మూడో నెలప్పుడు. ఆన్‌లైన్ గ్యాలరీలో ఆఫ్రికా మాస్కులు చూస్తూ నువ్వు దీని దగ్గరే ఆగిపోయావు. బిడ్డ పుట్టాక ఇద్దామని చెప్పలేదు. ఓడలో వచ్చేసరికి ఇన్నాళ్లు పట్టింది."

"బాబే ఆగలేదు."

"వెనక్కి పంపేస్తాను. గ్యాలరీవాళ్లు కారణం చెప్పమంటున్నారు."

"మీరేం చెప్పారు?"

"ఫోన్లో వాళ్లిచ్చిన కారణాలు మూడే. పగిలింది, ఫొటోలోలా లేదు, మనసు మారింది. పొద్దుట్నుంచీ చూస్తున్నా, ఏది నొక్కాలో తెలియడం లేదు."

"ఇలా ఇవ్వండి."

"బరువుగా ఉంది. నీ కుట్లు ఇంకా మానలేదు."

"ఇవ్వమంటున్నానా! ఆస్పత్రిలో నాకు మెలకువ వచ్చేసరికే వాణ్ణి తీసుకెళ్లిపోయారు. మీరైనా ఎత్తుకున్నారా?"

"ఎత్తుకున్నాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. నా అంతట నేను చెప్పడానికి నోరు రాలేదు."

"ఎంతసేపు?"

"నర్సు వచ్చి అడిగేదాకా. ఇంకాసేపు అంటే, పాపం, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది."

ఆమె బొమ్మను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడింది.

"ఎవరి పోలిక?"

"ముక్కు నీదే."

"కూర్చోండి. ఇంకా చెప్పండి."