పొయ్యిలో పెట్టిన నిచ్చెన

"అవ్వా, అటక మీద పెట్టె తీసేదానికి నేనెక్కితే నువ్వెందుకొచ్చి నిచ్చెన పట్టుకుంటావు? పడనులే."

పడవమ్మీ, నువ్వు పడవు. నా చేతులు ఊరికే ఉండవు, అంతే. ఆరేడేండ్లు ఇదే కదా నా పని. మీ తాత పైన, నేను కింద. పెండ్లయినప్పటి నుంచీ... లేదు లేదు, మొదట్లో ఒక ఏడాది ఇంట్లోనే ఉంటి, అప్పుడు మా అత్త బతికుండె. ఆయమ్మ పోయినంక పనికి పోయేకి మొదలుపెడితి.

గోడలకు సున్నం కొట్టే పని. చిక్కపేటలో అంగళ్ళు, పటాలం ఉండే దండులో తెల్లదొరల బంగళాలు, యాడ పిలిస్తే ఆడికి. నిచ్చెన పట్టుకోని నిలబడితే, పైకి చూడకనే తెలిసేది నాకి ఆయప్ప ఏ మెట్టు మీద ఉండాడో. కాలు మార్చినాడా, పక్కకు వంగినాడా, అంతా కొయ్యలోంచి అరచేతికి వచ్చేది. పైనుంచి సున్నం చుక్కలు నా నెత్తిన పడేవి. "ఏమే, అప్పుడే తల నెరిసిపోయెనే నీకు" అని నవ్వేవాడు. ఇప్పుడు నిజంగానే నెరిసె. చూసి నవ్వేకి ఆయప్ప లేడు.

యుద్ధం నాళ్ళు అవి. బియ్యానికి వరుస, సీమెనూనెకు వరుస. కట్టెలకైతే డిపో కాడ పొద్దున్నే పోయి నిలబడినా దొరికేవి కాదు. ఆ కట్టెలే మా కొంప ముంచె, చెప్తా విను.

ఒక మిల్లులో సున్నం పని దొరికె. పేరెందుకులే ఇప్పుడు. నిచ్చెన మిల్లోళ్ళదే. మెట్లకు పురుగు పట్టి పొడి రాలతా ఉండె. "మేస్త్రీ, ఇది మార్చండి" అని మీ తాత చెప్పినాడు, నేను పక్కనే ఉంటి. "ఈ రెండు గోడలు కానీప్పా, రేపు కొత్తది తెప్పిస్తా" అనె మేస్త్రీ. అంతటితో ఊరుకున్నాడా, "ఒక నిచ్చెనకు ఇద్దరెందుకు, నువ్వు పోయి సున్నం వడగట్టమ్మా" అని నన్ను పంపించె. పోతి. పోకుండా ఉండాల్సింది. తొట్టి కాడ వంగి ఉండంగానే పటుక్కుమనె. తిరిగి చూస్తే మీ తాత నేల మీద ఉండాడు, కాలు మోకాలి కింద వేరే పక్కకు తిరిగిపోయి ఉండాది.

ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు మేస్త్రీ వచ్చినాడు, చేతిబండిలో ఆ విరిగిన నిచ్చెన వేయించుకోని. "పాపం, నీళ్ళు కాచేకి కట్టెలుండవు మీకు, పెట్టుకోమ్మా" అనె. నేను చేతులెత్తి దండం పెడితి. పెడితినమ్మీ! ఆ కాలంలో కట్టెలు ఇంటి ముందరికి వస్తే ఎవరు వద్దంటారు? మనిషిని పడేసింది ఇంట్లో ఉంచుకోకూడదని పక్కింటామె కూడా చెప్పె. నరికి, వారం దినాలు పొయ్యిలో పెట్టి, పడినప్పుడు దెబ్బ తగిలిన ఆయప్ప నడుముకు వేడి నీళ్ళతో కాపడం పెడితి.

తర్వాత మా వీధిలో ఒక గుమాస్తా చెప్పినాడు, పనిలో దెబ్బ తగిలితే మిల్లోళ్ళు పరిహారం ఇయ్యాల, కానూను ఉండాది అని. ఆయనే అర్జీ రాసిచ్చినాడు. పరిహారం తేల్చే సర్కారు ఆఫీసుకు పోతిమి. నిచ్చెన గట్టిదే, ఈయనే చూసుకోకుండా ఎక్కినాడు అనిరి మిల్లోళ్ళు. తక్కిన కూలోళ్ళు ఎవరూ నోరు తెరవలేదు. వాళ్ళకూ పిల్లలుండారు కదా, ఏం చేస్తారు. ఆఫీసరు మంచోడే. "విరిగిన మెట్టు యాడుందమ్మా? అది చూపిస్తే చాలు" అని కన్నడంలో అడిగినాడు.

మేస్త్రీ తల వంచుకోని తన చెప్పులు చూసుకుంటా ఉండె. అప్పుడు తెలిసె నాకి, ఆ చేతిబండి మా ఇంటికి ఎందుకొచ్చిందో.

"కాల్చేస్తిని సామీ" అంటి.

అంతే, అర్జీ కొట్టేసిరి. బయట మెట్ల మీద కూర్చోని ఏడిస్తి చూడు, అంత ఏడుపు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. మీ తాత చేతికర్ర పక్కన పెట్టి నా పక్కన కూర్చున్నాడు. తిడతాడని కాచుకోనుంటి. "ఆ నీళ్ళు ఎంత హాయిగా ఉండెనే. ఆ వారమే కదా నేను కాస్త నిద్రపోయింది" అన్నాడు. మల్ల చచ్చేదాకా ఆ మాట ఎత్తలేదు. తిట్టుంటేనే బాగుండు అనిపించేది నాకి.

ఆ కాలు మల్ల నిచ్చెన ఎక్కలేదు. చిక్కపేటలో ఒక అంగడి ముందర కూర్చోని బీగాలు బాగు చేసేవాడు. నేను ఇండ్లలో పనికి పోతి. అరచేతులు మాత్రం ఖాళీగా ఉన్నట్టుండేవి. ఇప్పుడు కూడా, ఎవరెక్కిన నిచ్చెన పట్టుకున్నా ఆయప్ప బరువునే వెతుకుతాయి ఈ చేతులు... నువ్వు కుడికాలి మీద ఉండావు, అవునా?

నవ్వకు. హొసకోటె ఫ్యాక్టరీలో చేరబోతా ఉండావు కదా, ఒక మాట విను. కింద మనిషి లేకుండా ఎక్కొద్దు. ఏదన్నా విరిగితే, ఆ ముక్క నీ కాడ పెట్టుకో. ఎవరెంత ప్రేమగా చెప్పినా కాల్చొద్దు తల్లీ. నూరేండ్లు చల్లగుండు... పెట్టె అందెనా? మెల్లగా దిగు. నేను పట్టుకోనే ఉండా.