సమ్మమ్మ ఊ కొట్టిన కథ

కూసోమనకుండ్రి అయ్యగారూ, నిలబడే చెప్త. సమ్మమ్మ బాప్తిస్మం ఆపేస్తిరి, అది మీ ఇష్టం. గాని మంత్రగాండ్ల కథలు చెప్పే నాలుక మీద సైతాను పీట ఏసుకొని కూసుంటడని చర్చిల అందరి ముంగట అంటిరి సూడుండ్రి, అది జర ఎక్కువైంది.

కథల ఏం తప్పున్నదయ్యా? బిలాము గాడిద మాట్లాడలేదా? మోషే కర్ర పాము కాలేదా? ప్రభువు చెప్పిన తప్పిపోయిన కొడుకు ఏ ఊరోడో ఎవరన్న పోయి అడిగిండ్రా?

అవును, అవి దేవుని మహిమలు, ఇవి మాయలు. నాకు తెల్వదా? ఉపదేశి ఇస్సాకు బిడ్డను నేను. గాని కథల గూడ మంత్రగాడు ఎన్నడు గెలువడు గద. చెడ్డోడు ఓడిపోతడు, పడ్డోడు లేస్తడు. గది వాక్యానికి అడ్డమొస్తదా?

ఆమెకు ఎవరు చెప్పిండ్రు అంటరా? ఆడికే వస్తాన. జర ఓపిక పట్టుండ్రి.

కాశిబుగ్గల నేతోళ్ల ఇండ్లకు పోయి ఆడోళ్లకు వాక్యం చెప్పుమని మీరే నన్ను పంపిస్తిరి. వాళ్లు రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంటనే వింటరు. రాట్నం ఆపితె పూట గడువదు. మరి వింటాండ్రని మనకెట్ల తెలుస్తది? ఊ కొడతరు. ఊ లేకపోతె కథ సచ్చినట్టే.

నేను వాక్యం చెప్తాంటె రాట్నాల సప్పుడే వినొచ్చేది. ఒకనాడు పాణం ఆగక, రాయైపోయిన రాజకొడుకు కథ ఎత్తుకున్న. మంత్రగాడు వాన్ని రాయి చేసిండు. వాని చెల్లె ఏడ్చుకుంట ఏడు సముద్రాలు దాటి నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు సల్లంగనే...

అయ్యగారూ, అప్పుడు లేచింది ఊ. రాట్నాలు వాటంతటవే ఆగినయి. అందరి కంటె గట్టిగ కొట్టింది సమ్మమ్మ.

ఇగ అప్పటి సంది అదే అలవాటాయె. ముందుగాల వాక్యం, ఎనుక కథ. అదే గడపల, అదే నోటితోని.

ఇయ్యాల ఏమాయె? బాప్తిస్మం తీసుకునెటోళ్లను సంఘం ముంగట ప్రశ్నలడుగుడు మన పద్ధతి. కోడలు తిట్టినా ఇనకుంట తెల్లచీర కట్టుకొని వచ్చింది ముసలామె. సచ్చి సమాధిల ఉన్న లాజరును ప్రభువు ఎట్ల లేపిండో చెప్పమంటిరి.

"చెల్లె నీళ్లు సల్లితె రాయి కరిగిందయ్యా, అన్న కండ్లు తెరిసిండు" అన్నది.

తప్పు ఆమెదా? లాజరు సమాధికి అడ్డం పెట్టిందీ రాయే, రాజకొడుకు అయిందీ రాయే. అక్కడ ఏడ్చింది లాజరు అక్కచెల్లెండ్లే, ఇక్కడ ఏడ్చింది చెల్లెనే.

చర్చంత నవ్వింది. ఇదంత ఎవరు నేర్పిండ్రమ్మా అని మీరడిగితిరి. ఆమె సక్కగ నా దిక్కు సూసింది. సూసి, "ఎవ్వలు నేర్పలేదు, ముసల్దాన్ని, నేనే కలిపేసుకున్న" అన్నది.

నేనేం జేసిన్నో ఎరుకేనా? పాటల పుస్తకంల మొఖం పెట్టి, నలుగురితోటి నేను గూడ నవ్విన.

మళ్ల ఈస్టరుకే బాప్తిస్మాలంటిరి. ఆమె దగ్గు ఇన్నరు గద. అంతదాంక ఉంటదా? నన్ను తీసెయ్యుండ్రి, వాక్యం చెప్పే పని ఇంకొకరికియ్యుండ్రి. ఆమెను నీళ్లల్లకు తోల్కపోండ్రి.

బయటికొచ్చినంక ఆమె నా చెయ్యి పట్టుకున్నది. కోపం చేస్తదనుకున్న. "లాజరు ముచ్చట నాకెందుకు చెప్పలె బిడ్డా?" అన్నది.

చెప్పిన అయ్యా. కథకు ఉరకాలన్న తొందరల పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పిన. ఆమె ఊ కొట్టలేదు. నేను ఆగి సూడలేదు.

కథ పాపమని ఇప్పటికీ అనను, మీరేమన్న అనుకోండ్రి. గాని రాజకొడుకు లేచిండని చెప్పినప్పుడల్ల నా కండ్లల్ల నీళ్లొచ్చేటివి.

లాజరుకు ఎన్నడు రాలె.