తేలని రెండొందలు

గార్డెన్ రీచ్ డాకు పక్కన ఇరుకు వాడలో సాయంత్రం. గవరయ్య అన్నానికి కూర్చున్నాడు, పెళ్ళాం అప్పలకొండమ్మ వడ్డిస్తోంది, కూతురు భానుమతి పుస్తకం పట్టుకుని గడపలో ఉంది. ఓడల్లో సరుకు మోసి మోసి గవరయ్యకు బంగ్లా మాట్లాడ్డం వచ్చింది గానీ చదవడం రాలేదు. లెక్కల్లో మాత్రం వాడ మొత్తానికి తనని మించినవాడు లేడని ఆయన నమ్మకం.

“డబ్బుల్నేవని సెప్పినాను కదా. పదోక్లాసు మాధ్యమిక్ ఫీజు ఒచ్చే యేడు కడదాం. ఈ యేడు పరీచ్చ రాయకపోతే కొంపలేటీ మునిగిపోవు.”

“సరే అయ్యా, ఫీజు మాటొగ్గీ. ఈ లెక్కొక్కటి సెప్పు.”

“పరీచ్చే నేకపోతే లెక్కెందుకు?”

“రాకపోతే రాదను, మావా. గుంటనెందుకు కసురుతావు?”

“నాకు రాకపోడవేటి? సదవే, భానూ.”

“ఒక కూలీకి నెల జీతం పన్నెండొందలు. అద్దెకి రెండొందలు, తిండికి ఏడొందలు, ఊళ్ళో తల్లికి మూడొందలు. నెలాకరికి రెండొందలు మిగిలినాయి. ఎలాగ?”

“మిగలవు. రెండూ ఏడూ మూడూ పన్నెండు. అచ్చుతప్పు.”

“తప్పు కాదంట, అయ్యా. తేలితే అయిదు మార్కులు.”

“మల్లీ సదువు.”

“అద్దె రెండొందలు, తిండి ఏడొందలు, తల్లికి మూడొందలు. మిగిలింది రెండొందలు.”

“అద్దె కట్టనేదేమో.”

“కట్టినాడు.”

“తల్లికి పంపనేదేమో.”

“పంపినాడు, మావా. ఇన్నావు కదా. పోనీ, పక్కింటి కూర్మయ్యన్నని అడుగుతాదిలే.”

“కూర్మయ్యా? ఆడికి సేతివేళ్ళు లెక్కెట్టుకోడమే రాదు. ఉండండి... ఓసోస్, ఇంతేనా! ఈ లెక్క రాసినోడికి డాకు పని తెల్దు. జీతం రాసినాడు, ఓటీ రాయనేదు.”

“ఓటీ అంటే ఏటి, అయ్యా?”

“డూటీ దిగినాక ఇంకో ఓడ దింపితే వచ్చీది. వేరే కవర్లో ఇస్తారు. జీతంలో కలపరు.”

“ఓటీ ఆగిపోనాదని దసరా పూజల ముందే సెప్పినావు, మావా.”

“నాను మన సంగతి సెప్తన్నానా? లెక్కలో ఆయన సంగతి.”

“ఆయనకి నెలకెంతొస్తాది?”

“తేలాల్సింది రెండొందలే కదా. రెండొందలే.”

“పెళ్ళానికి ఇయ్యడా?”

“లెక్కలో పెళ్ళాం నేదు.”

“మరెక్కడ దాస్తాడు? బియ్యం డబ్బాలోనా?”

“ఆడోల్ల సెయ్యి పడే సోట ఎవుడైనా దాస్తాడేటి? పలకని రేడియో లాంటిది సూసుకుంటాడు... ఏటలా సూస్తన్నారు? మజ్జిగ పొయ్యి.”

“అందుకా, మన రేడియో మూడేళ్ళై బాగుకి ఇయ్యనీవు?”

“ఫీజుకి రేపే ఆకరు రోజు, అయ్యా.”

“ఆగండే. ఏ మాస్టారిచ్చినాడీ లెక్క? రేపు ఇస్కూలుకొచ్చి అడుగుతాను. ఏదీ, ఆ పేజీ సూపించు.”

“ఏ పేజీ సూపించను, అయ్యా? ఇది భూగోళం పుస్తకం.”