ఖుద్దూస్ కాగితంలో గొర్రెల మంద

జడ్చర్ల బస్టాండు ఎదురుగా తాజుద్దీన్ చాయ్ హోటల్లో భిక్షం పట్టా పాసుబుక్కు రొండిన దోపుకుని కూర్చున్నాడు. రెండెకరాల మెట్ట చెలక అమ్మి, ఉన్న పదిహేను గొర్రెలకు తోడు మరో యాభై కొనాలని అతని ఆలోచన. చెలక కొనే భీమయ్య బయానా డబ్బుతో పదకొండు గంటల బస్సుకు వస్తానన్నాడు. వేలిముద్ర వేయడానికి వచ్చిన భార్య నర్సింగమ్మ గడప పక్కన గొంగడి పరుచుకుని కూర్చుంది.

ఆ ఆలోచన పుట్టించినవాడు ఎదురు బల్ల మీద కూర్చున్న నూనెమిల్లు గుమాస్తా ఖుద్దూస్. ఏ వ్యాపారంలో ఎంత మిగులుతుందో కంప్యూటర్ గళ్లలో ముందే చూసే విద్య పట్నంలో పదిహేను రోజులు నేర్చి వచ్చాడు. గోరంత నేర్చి కొండంత చెప్పేవాడు తాను చెడడు, నమ్మినవాణ్ణి చెరుపుతాడు.

"మొదటి రోజు నేనేం జెయ్యలే భిక్షం కాకా. ఒక్క గడిల యాభై అని కొట్టిన, గంతే. కింది గడిల 'దీన్ని రెండింతలు జెయ్యి' అని రాసిన. వంద వచ్చింది. గా రాతనే ఇంక కిందికి గుంజిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? రెండొందలు, నాలుగొందలు, ఎనిమిదొందలు! నేను చెయ్యి తీసినా అది ఆగదే! సారు ఉరికొచ్చి నా కాళ్లు వట్టుకున్నడు. 'ఖుద్దూస్ సాబ్, యాభై ఏండ్ల సంది కంప్యూటర్ నేర్పుతున్న, గిసుమంటి రాత సూడలే' అన్నడు."

"యాభై ఏండ్ల కింద పట్నంల కంప్యూటర్ యాడిదిరా?" అన్నాడు తాజుద్దీన్ చాయ్ వడపోస్తూ.

"జర విను భాయ్! గా లెక్క అచ్చు తీస్తే మిషన్ల నుంచి కాగితం వచ్చుడే వచ్చుడు. కిటికీల నుంచి బయట వడ్డది, సడక్ ఎక్కింది, షాద్‌నగర్ దాటింది, నేను బస్సు దిగేసరికి నాకన్న ముందొచ్చి గిదే బస్టాండుల నిలవడ్డది! ఇగ ఢిల్లీ నుంచి పెద్ద సార్లు దిగిన్రు. 'వాన లెక్క జెయ్యి' అన్నరు. వాన గడిల ఒక్క అంకె వెంచిన. ఎండకాలం, పట్నంల మోకాలు లోతు నీళ్లు! భయమై తగ్గించిన, గంటల ఆరిపోయినయి."

"మరి మా గొర్రెల సంగతి?" అన్నాడు భిక్షం. అతనికి కావలసింది అదొక్కటే.

"గట్లనే ఏడాదికి రెండింతలైతే, యాభై గొర్రెలు పదేండ్లకు యాభై ఒక్క వేల రెండొందలు కాకా. ఇరవై ఏండ్లకు ఐదు కోట్లు! వరుసగ నిలవెడితే భూమి సుట్టు తిరిగొచ్చి, ఆఖరు గొర్రె మొదటి గొర్రె తోకను మూతితోని పొడుస్తది!"

భిక్షం ఛాతీ ఉప్పొంగింది. అంతలో బస్సు ఆగింది. భీమయ్య సంచి చంకన పెట్టుకుని దిగాడు. భిక్షం పాసుబుక్కు బయటికి తీసి, "లే, ముద్ర ఎయ్యి" అన్నాడు భార్యతో.

నర్సింగమ్మ లేవలేదు.

"బిడ్డా ఖుద్దూసూ, గా యాభైల పొట్టేళ్లెన్ని?"

"పొట్టేళ్లా? అన్నీ ఒకటే వరుసల ఉన్నయి పెద్దమ్మా."

"అన్నీ ఈనుతయా?"

"అన్నీ ఈనుతయి. కంప్యూటర్ తప్పు చెప్పదు."

"పొట్టేలు ఈనంగ మంత్రసానివి నువ్వేనా?"

తాజుద్దీన్ చేతిలో చాయ్ తొణికింది. హోటలంతా నవ్వింది.

నర్సింగమ్మ మాత్రం నవ్వలేదు. "నీ లెక్కల నిన్న పుట్టిన పిల్ల గూడ ఏడాదికి ఈనె. ఒక్కటి రోగంతోని సావకపాయె. ఒక్కటి తోడేలు ఎత్తుకపోకపాయె. బీరప్ప దేవునికి ఒక్కటన్న కొయ్యకపోతిమి. మా మామ నలభై ఏండ్లు కాసిండు, మంద నూరు దాటలే."

భిక్షం తల వంచుకున్నాడు. పొట్టేలు ఈనదని అతనికి పుట్టినప్పటి నుంచి తెలుసు. యంత్రం పేరు వినగానే తెలిసింది మరిచాడు.

ఖుద్దూస్ గొంతు సవరించుకున్నాడు. "పొట్టేళ్లకు ఇంకో గడి పెడ్త పెద్దమ్మా..."

"పెట్టు. సావులకొకటి పెట్టు, కరువుకొకటి పెట్టు. ముందుగాల ఒక ఏడు మా పదిహేను గొర్రెల ఎంబడి తిరుగు. ఎన్ని గళ్లు పెట్టాల్నో గవే చెప్తయి."

భిక్షం పాసుబుక్కు మళ్లీ రొండిన దోపుకున్నాడు. "చెలక అమ్ముతలేను భీమన్నా. వచ్చినవు గద, చాయ్ తాగి పో."

నర్సింగమ్మ లేచి గొంగడి దులిపి భుజాన వేసుకుంది.

"నీ కాగితం పట్నం నుంచి జడ్చర్ల దాక వెరిగింది గని కొడకా, గొర్రె తోక ఎప్పటికీ బెత్తెడే."