మైకత్త చదును చేసిన దారి

రండి, రండి. గుమ్మంలో నిలబడితే ఏం వినపడుతుంది, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ కుర్చీ లాక్కోవమ్మా నువ్వు. కాస్త ఊగుతుంది కానీ పడదులే, దేవుడున్నాడు. ఆఁ, ఏమన్నావు ఇందాక? మందిరం దాకా దారి ఇంత నున్నగా ఎలా ఉందీ అనా? అది మైకత్త చలవ. మీరెవరూ చూడలేదు ఆవిణ్ణి, ఏనాడో పోయింది. అసలు పేరేమిటో వాళ్ళింట్లో వాళ్ళకైనా గుర్తుండేదో లేదో. మందిరంలో ఆవిడ పాట అందుకుంటే మైకు పెట్టినవాడు సిగ్గుపడి తీగ పీకేసేవాడు, అందుకని మైకత్త. మొగుడు దర్జీ, నోట్లో మాట నోట్లోనే ఉండే మనిషి. "మా ఇద్దరికీ కలిపి దేవుడు ఒకే గొంతిచ్చాడు, అది ఆవిడ దగ్గరుంది" అనేవాడు. నిజమే మరి!

ఆ మైకత్తకి ఒక అన్నయ్య. జీవితమంతా ట్రాక్టరు మీదే గడిపాడు కాబట్టి అందరికీ డ్రైవరుగారే. జబ్బు చేసి కాళ్ళు పడిపోయాయి పాపం. చక్రాల కుర్చీలో కిటికీ పక్కన కూర్చునేవాడు, గడప దాటేవాడు కాదు, ఎవరు పలకరించినా ఊఁ, ఆఁ, అంతే. ట్రాక్టరు తాళం మాత్రం దిండు కిందే. అలాంటి ఇంట్లో పిల్ల పెళ్ళి కుదిరింది, ఆయన కూతురిదే. పెళ్ళేమో మందిరంలో. మందిరానికేమో ఇంటి ముందు నుంచే దారి, కానీ ఏం దారి! వానల్లో బళ్ళు తిరిగి పడిన గాళ్ళన్నీ ఎండకి అలాగే బిగుసుకుపోయాయి. గడ్డపార వేస్తే ఖంగుమని చేతికే తిరిగొచ్చే నేల. కుర్చీ రెండు బారలు కదిలితే ఆయన ఎముకలు లెక్కపెట్టుకోవాల్సిందే. పోనీ ఎత్తుకెళ్తాం అన్నారు ఆయన బావమరుదులు. "నలుగురు మొయ్యడానికి నేనింకా పోలేదు, నేను రాను" అన్నాడాయన. కూతురు తక్కువ తిందా? "నాన్న రాకపోతే నేనూ రాను. పెళ్ళికొడుకునే కిటికీ దగ్గరికి రమ్మనండి, అక్కడే చేసుకుంటాం" అని కూర్చుంది. ఇల్లంతా తల పట్టుకుంది.

మైకత్త మాత్రం పట్టుకోలేదు. తిన్నగా వెళ్ళి దిండు కింద చెయ్యి పెట్టి తాళం లాగేసింది. "దారి నేను చేస్తా, నువ్వు చొక్కా ఇస్త్రీ చేయించుకో" అంది. ట్రాక్టరు నడపడం ఆవిడకి వచ్చు, అన్నయ్యే నేర్పాడు చిన్నప్పుడు. నేల చదును చెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. షెడ్డులో పెట్టె బ్లేడు ఉండేది. చూశారా ఎప్పుడైనా? అడుగులేని ఇనప పెట్టె, ముందు వైపు గోళ్ళలా పళ్ళు, వెనకాల అడ్డంగా బ్లేడు. పళ్ళు గీరాలి, బ్లేడు లాగాలి. ఇంతే కదా అనుకుంది ఆవిడ. పళ్ళు పైకెత్తేసి బ్లేడుతోనే లాగింది మొదట. కీచుమని ఒక చప్పుడు, అంతే. మొండి కత్తితో గడ్డం గీసినట్టు పైపైన జారిపోయింది. ఇక సలహాలు చూడాలి! "బరువు చాల్లేదు" అన్నాడొకడు. అనడమే ఆలస్యం, బావమరుదులిద్దరూ పెట్టెమీదకెక్కారు, మంచి దిట్టమైన మనుషులు. వాళ్ళ వెనక రొట్టెల కొట్టాయన. పాపం దర్జీని కూడా రెక్క పట్టుకుని లాగారు. "నన్నెందుకయ్యా, నేనెక్కితే ఉన్న బరువు కూడా తగ్గుతుంది" అన్నాడాయన. మైకత్త వెనక్కి తిరిగి చూసింది. "దిగండి! పెళ్ళికి కాళ్ళతో వస్తారా, కాళ్ళు ఇక్కడ పెట్టి వస్తారా?" అని ఒక్క అరుపు. వీధి చివర కొట్టువాడు కూడా ఎక్కడినుంచో దిగాడట!

సరే, పళ్ళు దింపింది. ఎంత దింపింది? ఉన్నంతా దింపింది. పంతం కదా. గేరు వేసి వదిలేసరికి పళ్ళు నేలలో దిగబడిపోయాయి, బండి కదలదు, వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి, పొగ, ముందు చక్రాలేమో మెల్లగా పైకి లేస్తున్నాయి. అప్పుడు వినపడింది. కిటికీలోంచి. "క్లచ్చు నొక్కవే! అది ట్రాక్టరు, సర్కసు గుర్రం కాదు! నా బండిని చంపుతున్నావే దయ్యమా!" కర్రతో కిటికీ చువ్వల మీద టకటకా కొడుతున్నాడు. అన్నాళ్ళూ ఊఁ, ఆఁ తప్ప మాట్లాడని మనిషి! డ్రైవరుగారి భార్య నెత్తి కొట్టుకుంటూ, "ఆయన మాట పట్టించుకోకు వదినా, నీ పని నువ్వు చేసుకో" అంది. మైకత్తకి కోపం రాలేదంటారా? వచ్చింది. చెమటలు కారుతున్నాయి, వీధంతా చూస్తోంది, పెళ్ళి నెత్తిమీదుంది. నోరు తెరిస్తే ఆవిణ్ణి ఎవరాపగలరు చెప్పండి. తెరవలేదు. ఇంజిను ఆపింది. దిగింది. కొంగుతో మొహం తుడుచుకుని కిటికీ దగ్గరికెళ్ళి, "అన్నయ్యా, నాకు రావట్లేదు. ఎలా చెయ్యమంటావు?" అంది. ఎంత మెల్లగా అందంటే, దర్జీ తర్వాత చెప్పాడు, "నా గొంతు ఎవరో వాడుకుంటున్నారనుకున్నాను" అని.

డ్రైవరుగారు కర్ర పక్కన పెట్టాడు. చువ్వ పట్టుకుని ముందుకి వంగి నేలని చూశాడు. తర్వాత, "నీళ్ళు పోశావా?" అన్నాడు. పొయ్యలేదు. "ఎండిన నేలని బతిమాలాలే, కొట్టకూడదు. సాయంత్రం తడుపు. బురద చెయ్యకు, తడి లోపలికి ఇంకాలి, అంతే. రేపు చూద్దాం." రేపు చూద్దాం అన్నాడమ్మా ఆ మనిషి! మర్నాడు పొద్దున్నే, ఎవరూ అడక్కుండానే కుర్చీ అరుగు మీదకొచ్చింది. "పళ్ళు ఒక్క మెట్టే దింపు. పెట్టెని బండికి కలిపే ఆ పైకడ్డీ, టాప్ లింకు, తిప్పి పొట్టి చెయ్యి, పెట్టె ముందుకి వంగితే పళ్ళు పట్టుకుంటాయి. చిన్న గేరు. నిలువుగా పోయావా? ఇప్పుడు ఐమూలగా పో." పొరపొరగా నేల పెళ్ళలు లేచి, మట్టి వదులైంది. తర్వాత పళ్ళు ఎత్తించి, పెట్టె సమంగా పెట్టించి, గట్ల మీది మట్టి తెచ్చి గాళ్ళలో పోయించాడు. చివరికి ఆ కడ్డీ పొడుగు చేయించాడు, పెట్టె వెనక్కి వాలి వెనక బ్లేడు చంటిపిల్ల తల నిమిరినట్టు నేలని నిమురుతూ పోయింది.

ఇంటి ముందు ముక్క అయ్యేసరికి, "అక్కడ ఎత్తుగా ఉందే" అన్నాడు. "ఎక్కడ?" "కనపడదేమే, అక్కడ!" చూపించాలంటే దిగాలి కదా. కూతురు కుర్చీ పట్టుకుంది, బావమరుదులు అరుగు మీంచి దింపారు. ఈసారి మొయ్యడం గురించి ఆయనకి గుర్తే లేదు. ఆవిడ ఒక ముక్క చదును చేస్తుంది, ఆయన కుర్చీ దానిమీద నడుస్తూ తప్పులు పడుతుంది, ఆవిడ మళ్ళీ వెనక్కొచ్చి సరిచేస్తుంది. "ఇది చదునా? దీనిమీద బఠాణీ గింజ పెడితే పరుగెడుతుంది!" ఇలా తిట్టుకుంటూ, తిట్టించుకుంటూ, వీధివీధంతా వెనకాల నవ్వుకుంటూ. ఎండ వాలే వేళకి కుర్చీ దేనికో తగిలి ఆగింది. ఆయన తలెత్తి చూస్తే, మందిరం మెట్టు. "ఇంత దూరం ఎప్పుడొచ్చానే?" అన్నాడు. "మధ్యలో ఒక్క నిమిషం తిట్టడం ఆపితే తెలిసేది" అంది మైకత్త. ఇద్దరూ నవ్వారు, నవ్వి నవ్వి ఆయనకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పెళ్ళా? అయింది, దేవుడి దయవల్ల దివ్యంగా అయింది. కూతురు కుర్చీ తోసుకుంటూ తండ్రిని తీసుకొచ్చిందో, తండ్రే కూతుర్ని తీసుకొచ్చాడో, చూసినవాళ్ళెవరూ తేల్చలేకపోయారు.

కడ్డీ పొట్టి చెయ్యాలో పొడుగు చెయ్యాలో మీకు గుర్తుండదు, పర్వాలేదు. ఒక్కటి గుర్తుంచుకోండి. అంత కోపంలో, అంతమంది చూస్తుండగా, ఇంజిను ఆపి దిగి కిటికీ దగ్గరికెళ్ళి, "ఎలా చెయ్యమంటావు" అని అడిగింది చూశారూ, అది. అది మాత్రం వెళ్ళి మీ వాళ్ళకి చెప్పండి. మరిచిపోకుండా చెప్పండి.