మేడం జర్మన్ చదువు, నా ఊ

"అత్తా, ఈ జర్మన్ నావల్ల కాదు. యూనివర్సిటీ మానేద్దామనుకుంటాండా. వచ్చేవారం సార్ ముందర కూచోని అంతా నోటితో చెప్పాల్నంట. మీ సోహార్ మేడం గూడా జర్మన్ చదివె అంటివి గదా, ఆమె ఎట్ల గట్టెక్కింది?"

నీ వాయిస్ ఇప్పుడే వింటి పాపా. నేను పనిచేసే ఈ మబేలా ఇంట్లో పెద్దామె నిద్రపోతాంది, అందుకే మెల్లగ మాట్లాడతాండా, ఫోను చెవి కాడ పెట్టుకో. మానేద్దామనే మాట మాత్రం మీ నాయనకు చెప్పగాకు. మా అన్న సంగతి నాకు తెల్సు, అరిచేది ఒక పూటే, అన్నం మానేసేది మూడు పూటలు.

సోహార్ మేడమా... ఈ అరబ్బు దేశంలోనే సోహార్ ఊర్లో వాళ్ళింట్లో పనిచేస్తాంటి, అది రెండువేల ఎనిమిదో తొమ్మిదో, నీకు పాలపండ్లు ఊడతాండె అప్పుడు. ఇంటికి ఫోన్ చేయాలంటే కార్డు కొని గీకాల. నీతో మాట్లాడదామంటే నువ్వు ఎత్తి పెట్టేసి పారిపోయేదానివి. సరే, అది ఇడ్సిపెట్టు.

మేడం వాళ్ళది చెక్ దేశం. సారు పోర్టు కాడ ఫ్యాక్టరీలో ఇంజినీరు, పొద్దున కంపెనీ కారెక్కితే చీకటి పడినాకే వచ్చేది. మేడం ఇంట్లోనుంచే వాళ్ళ దేశం యూనివర్సిటీకి చదువుతాండె, జర్మన్ టీచరు కావాలని. మాటలు ఎట్ల పుడతాయి, ఎట్ల రూపు మారతాయి, అదంతా తన చెక్ మాటతో పోల్చి చెప్పాల. ఆ ఒక్క పేపరే రెండు తూర్లు తప్పింది. మూడోతూరి గూడా తప్పితే పేరు కొట్టేస్తారంట, అన్నేండ్ల చదువు ఖలాస్.

వచ్చీరాని ఇంగ్లీషులో నాకూ చెప్పేది. మా చెక్‌లో మాటకు తోక మారతాది, జర్మనోళ్ళకు మాట ముందర టోపీ మారతాది అని. ఇంగా ఏమనిందంటే, చెంచా మాకు ఆడది, వాళ్ళకు మగోడు, నాకు అదే కలిసిపోతాంది అని. ఆడదైనా మగోడైనా తోమేది నేనే గదా మేడం, అంటి. పకపకా నగింది.

యాడున్నా? ఆ, ఊ.

నేను చపాతీలు ఒత్తుతాంటే ఆమె పక్కన స్టూలేసుకోని పాఠం పైకి చెప్పేది. నా నోరు ఊరికే ఉండదు గదా, ఊ, ఊ అంటాంటి. ఒకదినం ఆపేసింది.

"అర్థమయిందా నీకు?"

"ల్యా మేడం."

"మరి ఊ అంటాండావే?"

"అర్థమైందని కాదు మేడం. నేను ఈడే ఉండా, నువ్వు చెప్పు అని."

మా అవ్వ కత చెప్పేటప్పుడు ఊ కొట్టకపోతే ఆపేసి పండుకునేది, ఆ సంగతి చెప్పినా. ఆమెకు నచ్చింది. కానీ ఇంగోటుంది పాపా. బట్టీ కొట్టింది చెప్పేటప్పుడు ఆమె గడగడా పోయేది, నాకు ఊ అనేదానికి సందే దొరికేది కాదు. "మేడం, ఊకు సందు యాడ?" అంటి. ఆమె అదే ముక్క నిమ్మళంగా చెప్పబోయి ఇరుక్కోని, "ఇది నాకే సరిగ్గా తెలీదు" అని మళ్ళ పుస్తకం తీసింది. అప్పట్నుంచి అదే పని. ఊకు సందు ల్యాకపోతే మళ్ళ మొదులు.

పరీక్షకు ఇమానమెక్కి పోయింది. ఆ దినం నేను చేపల మార్కెట్లో ఉండా. ఫోను మోగింది. మేడమే.

"బయట నిలబడి ఉండా. నన్ను పిలిచేదాకా ఊ అను."

ఇంగేం చేస్తా, ఆ చేపల కంపులో నిలబడి ఊ, ఊ అంటాండా. చేపలమ్మే బెంగాలీ ఇదేదో తనతోనే అనుకోని, "పూరా దే దూ?" అంటాడు, మొత్తం ఇచ్చేదా అని, నేను ఊ. "కాటూ?" కోసేదా అని, దానికీ ఊ. ఫోను పెట్టేసి సూస్తే ఇంత పొడుగు వంజరం ముక్కలు కొట్టి సంచిలో ఏసినాడు. నాలుగు దినాలు సారుకు అదే కూర. పాపం ఏమీ అనలే.

సాయంత్రం మేడం మళ్ళ చేసింది. ఏడుస్తాంది, నగుతాంది. లోపల ప్రొఫెసరు తల గూడా ఎత్తలేదంట, గోడతో మాట్లాడినట్లే ఉండిందంట. పోయిన రెండు తూర్లూ అట్లనే బెదిరి గడగడా ఒప్పజెప్పి తప్పిందంట. ఈతూరి ప్రతి మాట కాడా ఆగి, నా ఊ తనే లోపల అనుకోని, మళ్ళ చెప్పిందంట. పాసయింది.

నీకూ చదువు రాక కాదు పాపా. హాస్టల్ రూములో ఒక్కదానివే గోడకు చెప్పుకుంటాండావు, అంతే. ఈ రాత్రి నుంచి నాకు చెప్పు. జర్మనే చెప్పు, నాకేం తెలీదు, తెలియాల్సిన పని గూడా ల్యా. వాయిస్ పెట్టు, గిన్నెలు తోముకుంటా వింటా. సందు దొరక్కపోతే అడుగుతా. దొరికితే నా కాడనుంచి ఉత్త ఊ ఒకటే వస్తాది, అత్త ఏందో పొరపాటున నొక్కిందనుకోగాకు.

సల్లగుండు తల్లీ. పెద్దామె లేసినట్లుంది... నువ్వు మొదులుపెట్టు. ఊ.